చేప మూతి చూసి అది ఏం తింటుందో పట్టడం ఎలా

ఈ ఆదివారం చేపల మార్కెట్‌కి వెళ్తే బేరం మొదలెట్టే ముందు బొచ్చె, రోహు, మ్రిగాల పక్కపక్కన పెట్టించి మూతులు చూడండి. మూడూ కార్ప్ జాతివే, ఒకే నదిలో బతకగలవు, కానీ మూతులు మాత్రం వేరు.

బొచ్చెకి కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తెరుచుకుంటుంది, తల కూడా పెద్దది. నీటి పైపొరలో తేలే సన్న జీవుల్ని నీళ్లతో సహా లాక్కుని వడకడుతుంది. నమ్మకం లేకపోతే మొప్ప మూత ఎత్తండి, లోపలి అంచున దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా కనిపించేదే దాని జల్లెడ. రోహుది చిన్న నోరు, కాస్త కిందికి, పెదవి అంచు కుచ్చులా ఉంటుంది, అది ఎక్కువగా నీటి మధ్యలో మేస్తుంది. మ్రిగాల అడుగున కుళ్లిన చెత్త ఏరుకుంటుంది. మేత దగ్గర పెద్దగా పోటీ పడవు కాబట్టే రైతులు మూడింటినీ ఒకే చెరువులో వేస్తారు.

పళ్ల కోసం నోట్లో వెతక్కండి, కార్ప్‌లకి దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. తల కొట్టించేటప్పుడు అడిగి తీయించుకోండి: గడ్డిచేపవి రంపంలా, బంగారుతీగవి నత్తల్ని నలిపే రాళ్లలా ఉంటాయి. వాలుగ నోట్లో మాత్రం వేలు పెట్టొద్దు, ఆ పళ్లు వేట కోసమే, నోరు కూడా కన్ను దాటి చీలి ఉంటుంది.

తర్వాత ఒళ్లు. కొర్రమేనులా పొడవుగా, గుండ్రంగా ఉంటే అది నాచులో నక్కి ఒక్క ఉదుటున దూకే రకం. పేగు కూడా చూడండి, మాంసం తినేవాటికి పొట్టిది, నాచూ చెత్తా తినేవాటికి చుట్టలు చుట్టలుగా ఒంటికి ఎన్నో రెట్ల పొడవు.

ఏ ఒక్క గుర్తునో పట్టుకుని తేల్చేయకండి, ఇవన్నీ కలిసే మారతాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా సరస్సుల్లో స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేప, మంచుయుగం పోయాక సుమారు 12,000 ఏళ్లలోనే, కొన్నిచోట్ల ఒకే సరస్సులో రెండు రకాలైంది. పైన తేలే జీవుల్ని తినేది సన్నగా, మొప్పల జల్లెడ ఒత్తుగా. అడుగున పురుగులు ఏరేది బొద్దుగా, నోరు వెడల్పుగా, జల్లెడ పలచగా. ఏ చేపా కోరి మారలేదు, ఆ మేతకి సరిపోయిన ఒళ్లున్నవే ఎక్కువ పిల్లల్ని మిగిల్చాయి.

ఇంకోటి, ఆకారం చెప్పేది దాని తాతముత్తాతల మేత గురించి, నిన్నటి భోజనం గురించి కాదు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో చిల్లుల సంచుల్లో తవుడు వేలాడదీస్తారు, బొచ్చె అయినా రోహు అయినా అదే తింటాయి. కాబట్టి పొట్ట లావు చూసి ఏమీ తేల్చకండి, అది తవుడు మహిమ.