గ్లూకోజ్ తాగే షుగర్ టెస్టుకు ఎలా రావాలి

నేను శ్రీకాకుళంలో ఫిజియాలజీ చెబుతాను. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలే నా పరిశోధన. టెస్టుకు వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే: ముందు మూడు రోజులు అన్నం మానకండి. నరసన్నపేట, ఆమదాలవలస నుంచి వచ్చేవాళ్లలో కొందరు రీడింగు తగ్గాలని అన్నం మానేసి గుడ్డు, కూరతో సరిపెట్టుకుంటారు. ఫలితం తారుమారవుతుంది. పిండిపదార్థం అందని శరీరానికి ఒక్కసారిగా గ్లూకోజ్ వస్తే దాన్ని సర్దుకోలేదు. లేని షుగర్ ఉన్నట్టు కనిపిస్తుంది. పాపం, ఎంత టెన్షన్ పడతారో!

ముందు రాత్రి మామూలుగా తిని, కనీసం ఎనిమిది గంటలు ఖాళీ కడుపుతో ఉండండి. మంచినీళ్లు తాగొచ్చు. టీ, చుట్ట వద్దు.

మొదటి రక్తం తీశాక పెద్దవాళ్లకు 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇస్తారు. ఐదు నిమిషాల్లో తాగాలి. వాంతయితే వెంటనే చెప్పండి, ఇంకో రోజు చేయాలి. తర్వాత రెండు గంటలూ కూర్చోండి. బస్సుల కాంప్లెక్స్ దాకా నడిచొస్తే కండరాలు చక్కెర లాగేసుకుంటాయి, రీడింగు తగ్గిపోతుంది.

రెండు గంటల రీడింగు 140 లోపైతే మామూలే. 140 నుంచి 199 హెచ్చరిక. 200, ఆపైన వస్తే మధుమేహం. లక్షణాలు లేకపోతే మరోరోజు ఇంకో పరీక్షతో ఖాయం చేసుకోవాలి. స్టెరాయిడ్లు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.