ఏప్రిల్‌లో ట్రౌట్‌కి ఫ్లై వేయడం: కొలరాడో నీళ్లలో నేను నేర్చుకున్నది

మాది దివిసీమ. కాలవ గట్టున తాతయ్య పక్కన కూర్చుని, జీలుగు బెండు కట్టిన గాలానికి వానపాము గుచ్చి జెల్లలు పట్టినవాణ్ణి. ఇప్పుడు డెన్వర్ పక్కన పార్కర్‌లో ఉంటున్నాను. పురుగులా కనిపించేలా దారం, ఈకలు కట్టిన గాలాన్ని ఇక్కడ ఫ్లై అంటారు. దానితో ట్రౌట్ అనే చల్లనీటి చేపల్ని పట్టే ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టాక ఇది ఆరో వసంతం. మనవాళ్లు కొత్త రాడ్ కొనుక్కుని డెకర్స్ దగ్గర సౌత్ ప్లాట్ నదిలో నాలుగు గంటలు నిలబడి, ఒక్క చేపా తగలక తిరిగి వెళ్లడం చాలాసార్లు చూశాను. ఆ బాధ నాకు తెలుసు. నా మొదటి ఏప్రిల్ మొత్తం అలాగే గడిచింది. తప్పు ఫ్లైది కాదు, రాడ్‌ది కాదు. ఫ్లై నీటితో సమానంగా పోవడం లేదు, అంతే. ఈ ఒక్క విషయం చేతికి అలవాటైతే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

ముందు ఎక్కడికి వెళ్లాలో చెప్తాను. మార్చి, ఏప్రిల్‌లో నా ఓటు డెకర్స్‌కే. దానికి పైన చీస్‌మన్ డ్యామ్ ఉంది, 1905లో పూర్తయింది. రిజర్వాయర్ అడుగు నుంచి వదిలే నీళ్లు కాబట్టి శీతాకాలంలో మరీ గడ్డకట్టవు, వసంతంలో తేటగా ఉంటాయి. ఏప్రిల్ చివరికి వచ్చేసరికి సలైడా వైపు ఆర్కన్సా నది బాగుంటుంది. ఆ నదిలో 102 మైళ్ల పొడవుకి 2014లో గోల్డ్ మెడల్, అంటే పెద్ద ట్రౌట్‌లు బాగా ఉన్న నీళ్లన్న హోదా ఇచ్చారు. పదహారేళ్లు నిండినవాళ్లకి లైసెన్సు తప్పనిసరి. కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సైట్‌లో ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది.

బయలుదేరే ముందు రోజు రాత్రి నీటి మట్టం చూడండి. ఇక్కడి లెక్క సెకనుకి ఇన్ని ఘనపుటడుగులని, అంటే మన క్యూసెక్కులే. ప్రకాశం బ్యారేజీ వార్తల్లో లక్షల క్యూసెక్కులు వినే మనకి ఈ అంకెలు చిన్నగా అనిపిస్తాయి గానీ, డెకర్స్ దగ్గర 150 నుంచి 300 మధ్య ఉంటే నాకు నిలబడటానికీ, వేయడానికీ హాయిగా ఉంటుంది.

తెల్లవారుజామున లేచి పరిగెత్తే పని లేదు. ట్రౌట్ ఒంటి వేడి నీటి వేడితో పాటే మారుతుంది. నీళ్లు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉంటే అది అడుగున, నెమ్మదిగా పారే చోట కదలకుండా ఉంటుంది, తిండి కోసం పక్కకి అరగజం కూడా జరగదు. 45 దాటాక హుషారు వస్తుంది. నేను చిన్న థర్మామీటర్‌కి దారం కట్టి, దిగగానే నీళ్లలో వేస్తాను. ఏప్రిల్‌లో పదకొండు నుంచి మూడు వరకే అసలు సమయం. ఇంట్లో పులిహోర కలిపించుకుని, నింపాదిగా తొమ్మిదింటికి బయలుదేరినా చాలు.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. తొమ్మిది అడుగుల ఐదో వెయిట్ (మధ్యరకం బరువు లైన్‌కి సరిపోయే) రాడ్, లైన్ చివర తొమ్మిది అడుగుల 5ఎక్స్ లీడర్ అనే సన్న దారం, దాని చివర ఇంకా సన్నని 6ఎక్స్ టిప్పెట్. ఎక్స్ ముందు అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. రెండు ఫ్లైలు కడతాను. పైన 18వ నంబర్ ఫెజంట్ టెయిల్ అనే ఫ్లై, దానికి జానెడున్నర కింద 22వ నంబర్ ఆర్ఎస్2. నంబర్ పెరిగేకొద్దీ ఫ్లై చిన్నదవుతుంది. 22 అంటే బియ్యపు గింజంత. ఆర్ఎస్2ని కొలరాడోకి చెందిన రిమ్ చంగ్ 1970లలో కట్టారు. చూస్తే బూడిదరంగు దూది పీచులా ఉంటుంది గానీ, నీళ్లలో పైకి లేస్తున్న పురుగులాగే కనిపిస్తుంది. ఫ్లైలకి జానెడు పైన చిన్న బరువు గుండు, ఆ పైన బెండు. ఇక్కడివాళ్లు దాన్ని ఇండికేటర్ అంటారు. నాకు అది తాతయ్య జీలుగు బెండే. నీటి లోతుకి ఒకటిన్నర రెట్లు పైన పెట్టండి. నాలుగైదుసార్లు వేసినా ఫ్లై ఒక్కసారీ అడుగు తాకకపోతే ఇంకా పైకి జరపండి. ఫ్లై మార్చే ముందు లోతు మార్చాలి.

ఇప్పుడు అసలు సంగతి. మీ కాళ్ల దగ్గర నీళ్లు నెమ్మదిగా, నది మధ్యలో వేగంగా, అవతల ఒడ్డున మళ్లీ నెమ్మదిగా పోతుంటాయి. మీరు అవతలకి వేస్తే మధ్యలోని వేగం లైన్‌ని విల్లులా వంచి లాగేస్తుంది. లైన్ బెండుని లాగుతుంది, బెండు ఫ్లైని లాగుతుంది. అడుగున చేపకి ఏం కనిపిస్తుంది? నీళ్లకంటే వేగంగా ఈదుతున్న పురుగు. అంత చిన్న పురుగుకి అంత బలం ఉండదని దానికి తెలుసు. అందుకే బెండు నీళ్లని తాకిన వెంటనే రాడ్ కొన పైకెత్తి, లైన్‌ని మెల్లగా ఎదురునీటి వైపు తిప్పి వేయాలి. దీన్ని మెండ్ అంటారు. బెండు కదలకుండా లైన్ మాత్రమే కదలాలి. పార్కులో గడ్డి మీద అరగంట సాధన చేస్తే వచ్చేస్తుంది.

సరిగ్గా పోతోందో లేదో చెప్పేది నురగ. బెండు పక్కన ఒక నురగ బుడగని గుర్తుపెట్టుకుని చూడండి. రెండూ జోడుగా పోతుంటే ఫ్లై బాగా పోతున్నట్టే. బెండు బుడగని దాటి ముందుకి పోతే మళ్లీ మెండ్ చేయాలి. ఇది చూడటం నేర్చుకున్న రోజే నాకు మొదటి చేప తగిలింది. పోయిన ఏడాది మా అమ్మాయి నా పక్కన నిలబడి, "నాన్నా, బుడగ వెళ్లిపోయింది, బెండు ఆగింది!" అంది. అప్పటికే నేను ఆలస్యం చేశాను. మనూళ్లో జెల్ల తగిలితే బెండు బుడుంగున మునిగేది. ట్రౌట్ అలా లాగదు. చప్పరించి, నచ్చకపోతే క్షణంలో ఉమ్మేస్తుంది. బెండు ఆగినా, వణికినా, పక్కకి ఒరిగినా రాడ్ మెత్తగా పైకెత్తండి. గట్టిగా గుంజితే 6ఎక్స్ తెగుతుంది.

మబ్బు పట్టి, సన్నగా మంచు రాలే మధ్యాహ్నం దొరికితే సెలవు పెట్టయినా వెళ్లండి. తొలకరి వానకి ఉసిళ్లు లేచినట్టు, నీటి అడుగు నుంచి బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే చిన్న పురుగులు గుంపులుగా పైకి లేస్తాయి. ఉసిళ్లు రాలిన చెరువులో చేపలు ఎలా ఎగబడతాయో మనకి తెలుసు కదా, ఇదీ అంతే. అప్పుడు బెండు, బరువు తీసేసి నీటిపైన తేలే ఫ్లై కట్టండి. ఆర్కన్సాలో ఏప్రిల్ చివర్లో, నీళ్లు 54 డిగ్రీల దగ్గరికి వస్తే క్యాడిస్ పురుగులు లేస్తాయి. దానికి 16వ నంబర్ ఎల్క్ హెయిర్ క్యాడిస్ అనే తేలే ఫ్లై కట్టాలి. ఫ్లై నీటితో సమానంగా పోవాలన్న నియమాన్ని ఈ ఒక్క పురుగుకే నేను సడలిస్తాను. క్యాడిస్ నీటి మీద ఎగిరెగిరి పడుతుంది కాబట్టి ఫ్లైని చిన్నగా ఒకసారి కదిపినా చేప నమ్ముతుంది.

ఇంకోటి, దయచేసి శ్రద్ధగా చదవండి. రెయిన్‌బో, కట్‌త్రోట్ ట్రౌట్‌లు గుడ్లు పెట్టేది వసంతంలోనే. నది అడుగంతా పాచితో గోధుమరంగులో ఉంటే, మధ్యలో చేటంత, ఒక్కోసారి చాపంత మేర రాళ్లు తోమినట్టు తెల్లగా కనిపిస్తాయి. ఆడచేప తోకతో కొట్టి శుభ్రం చేసి, ఆ గులకరాళ్ల సందుల్లో గుడ్లు పెడుతుంది. అక్కడ కాలు పెట్టకండి. దాని మీద నిలబడ్డ చేపకి ఫ్లై వేయకండి. లోతు తక్కువ నీళ్లలో ఉంటుంది కాబట్టి సులువుగా తగులుతుంది, ఫోటో బాగా వస్తుంది, కానీ ఒక్క అడుగుతో వందల గుడ్లు నలిగిపోతాయి. ఏప్రిల్‌లో నేను దిగేముందు ఒడ్డునే నిలబడి రెండు నిమిషాలు అడుగు చూస్తాను. పోలరైజ్డ్ కళ్లద్దాలుంటే నీటి మెరుపు పోయి ఇదంతా స్పష్టంగా కనిపిస్తుంది.

పట్టిన చేపని ముట్టుకునే ముందు చేతులు తడుపుకోండి. పొడి చేయి దాని ఒంటి మీది జిగురుని తుడిచేస్తుంది. జబ్బుల నుంచి దానికి రక్షణ అదే. కొక్కేనికి ఉన్న ఎదురుముల్లుని పట్టకారుతో ముందే నొక్కేస్తే వేలితో తీసినా వచ్చేస్తుంది. రబ్బరు వలలో, నీళ్లలోనే ఉంచి తీయండి. ఫోటో కావాలంటే మీరు ఊపిరి బిగబట్టి పైకెత్తండి, మీకు ఊపిరాడకపోయేలోపు దాన్ని దించేయండి. తల ఎదురునీటి వైపు పెట్టి పట్టుకుంటే మొప్పలు ఆడటం మొదలవుతుంది. కాసేపటికి అరచేతిలో చేప బిగుసుకుంటుంది, తోక ఒకసారి కొడుతుంది. అప్పుడు వదలాలి, ముందు కాదు. పులుసు పెట్టుకోవచ్చా అని స్నేహితులు అడుగుతారు. చీస్‌మన్ కాన్యన్‌లో పట్టినవన్నీ వదిలేయాల్సిందే. మిగతా చోట్ల ఒక్కో నీటికి ఒక్కో నియమం, వెళ్లే ముందు చదువుకోండి.

సరస్సుల సంగతి వేరు. ఆంటెరో, స్పిన్నీ మౌంటెన్ రెండూ 8,500 అడుగుల పైనే ఉన్నాయి. మామూలుగా ఏప్రిల్‌లో మంచు విడుతుంది. ఒడ్డుకీ మంచు అంచుకీ మధ్య నీలంగా సందు తెరుచుకున్న మొదటి రోజుల్లో చేపలు ఆ లోతు తక్కువ నీళ్లలోనే తిరుగుతాయి. మోకాలి లోతుకి దిగే ముందు ఒడ్డు నుంచే వేయండి. ఊలీ బగర్ అనే ఫ్లైని బాగా నెమ్మదిగా లాగితే చాలు. గాలి మాత్రం తట్టుకోలేనంత ఉంటుంది. రాకీ మౌంటెన్ పార్కులో పదివేల అడుగుల పైనున్న సరస్సుల కోసం ఏప్రిల్‌లో ఆశపడకండి, అవి ఇంకా గడ్డకట్టే ఉంటాయి. అక్కడి బేర్ లేక్‌లో అయితే చేపలు పట్టడమే నిషేధం.

వేడర్స్ (నీళ్లు చొరని పొడుగు లాగు) వేసుకుంటే నడుముకి బెల్టు బిగించండి. రెండేళ్ల కిందట మార్చిలో నేను నాచు రాయి మీద జారాను. బెల్టు ఉండబట్టి నీళ్లు నడుము దగ్గరే ఆగాయి. అయినా ఒడ్డుకి చేరేసరికి వేళ్లు ముడవడం రాలేదు. కారులో ఇంకో జత బట్టలు, ఫ్లాస్క్‌లో టీ ఉంచుకోండి.

మే మధ్యకి కొండల మీద మంచు ఒక్కసారిగా కరిగి ఆర్కన్సా కాఫీ రంగుకి తిరుగుతుంది. అప్పుడు అక్కడ దిగకండి. డ్యామ్ కింద తేట నీళ్లకో, సరస్సులకో వెళ్లండి. నేను ఆ నెలన్నర ఇంట్లో కూర్చుని ఆర్ఎస్2లు కట్టుకుంటాను. జులైకి రెండు డబ్బాలు నిండుతాయి.