జర్మనీలో ఆపరేషన్‌కి వెళ్తున్నారా? టవల్ సంగతి తర్వాత, ముందు మందుల కాయితం రాయండి

మొన్న మా వైపు కుర్రాడొకడు, వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు, హెర్నియా ఆపరేషన్‌కి పొద్దున్నే ఏడింటికల్లా రమ్మన్నారంటే నేనే తోడెళ్ళా. ట్రామ్ స్టాప్‌లో భుజానికి లాప్‌టాప్ బ్యాగొక్కటే తగిలించుకుని నిలబడున్నాడు. తెరిచి చూస్తే లాప్‌టాప్, చార్జర్, ఒక జీన్స్ ప్యాంటు, అంతే. "టవలేదిరా?" అంటే "హాస్పిటలే కదన్నా, వాళ్ళే ఇస్తారుగా" అన్నాడు. ఎక్కడో ఇస్తారేమో, దాన్ని నమ్ముకుని మాత్రం వెళ్ళొద్దు. టవళ్ళు రెండు, సబ్బు, బ్రష్షు, పేస్టు, రాత్రి బట్టలు, చెప్పులు, అన్నీ మనమే పట్టుకెళ్ళాలి ఇక్కడ. అయినా హెర్నియా కోసిన పొట్ట మీద జీన్స్ గుండీ ఎలా పెట్టుకుందామనుకున్నాడో వాడికే తెలియాలి.

తిట్టాను గానీ, 2017లో నా గాల్‌బ్లాడర్ తీసేసినప్పుడు నేను వెళ్ళిన తీరు చూస్తే వాడే నయం. నేను బట్టలు, టవళ్ళు అన్నీ సర్దుకున్నా, రెండు పూటలకి సరిపడా పులిహోర కూడా డబ్బాలో పెట్టుకున్నా (ఎందుకో అడక్కండి), అసలు కావాల్సింది మాత్రం మర్చిపోయా. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరొచ్చి కూర్చుని "ఏ మందులు వాడతావు?" అనడిగింది. బీపీ మాత్ర, అన్నా. పేరు? తెల్లగా, చిన్నగా, గుండ్రంగా ఉంటుంది, అన్నా. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

బ్యాగులోంచి స్ట్రిప్పు తీసి ఇచ్చా. మనూళ్ళో మందుల షాపుల సంగతి తెలుసుగా, పది మాత్రలు అడిగితే స్ట్రిప్పు, ఆరు అడిగితే కత్తెరతో కట్ చేసిన ముక్క. నా దగ్గరున్నది ఆ ముక్కే. పేరున్న సగం షాపువాడి దగ్గర ఉండిపోయింది, నా సగంలో తయారైన తేదీ, ధర తప్ప ఇంకేం లేదు. ఇంకో ముక్క కూడా ఉంది, మా అమ్మ "గుండెకి మంచిదిరా" అని ఎవరో చెప్తే కొని పంపింది. అదేంటో నాకూ తెలియదు, రోజూ మింగుతున్నా. అప్పుడు ఇండియాలో టైము రాత్రి తొమ్మిదిన్నర, ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ పడుకునేసింది, నాన్న ఎత్తి "ఆపరేషనయిపోయిందా?" అని ఏడుపు మొదలెట్టాడు, ఆయన్ని ఊరుకోబెట్టి, అమ్మని లేపి, హార్లిక్స్ సీసాలో దాచిన ఖాళీ స్ట్రిప్పులన్నీ తీయించి ఒక్కొక్కటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమంటే అరగంట పట్టింది. ఆ గుండెకి మంచిదన్నది ఎకోస్ప్రిన్. అంటే ఆస్పిరిన్. రక్తం గడ్డకట్టకుండా చేసేది. అది రోజూ మింగుతూ, రేపు పొట్టలో కత్తి పెట్టేవాళ్ళకి ఒక్క ముక్క చెప్పకుండా నేను పులిహోర పట్టుకుని కూర్చున్నా. డాక్టరు ఏమీ అనలేదు, సర్జన్‌కి ఫోన్ చేసింది, నా ఆపరేషను నాలుగు రోజులు వెనక్కి వెళ్ళింది.

అందుకని ఇంకేం సర్దకపోయినా పర్లేదు, ఒక కాయితం రాయండి. మన బ్రాండ్ పేర్లు ఇక్కడ ఎవరికీ తెలియవు, డోలో అంటే మొహం చూస్తారు. లోపలున్న మందు పేరు కావాలి. టెల్మా 40 అంటే టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు. థైరోనార్మ్ అంటే లెవోథైరాక్సిన్. గ్లైకోమెట్ జీపీలో ఒకటి కాదు రెండున్నాయి, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, రెండూ రాయాలి, ఎన్ని మిల్లీగ్రాములో కూడా. పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని, ఎన్నాళ్ళనుంచి, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు. పడని మందులు పైన పెద్దక్షరాలతో. పాత ఆపరేషన్లు, చిన్నప్పుడు చేసినవి కూడా, మత్తిచ్చినప్పుడు ఏమన్నా ఇబ్బందైతే అది కూడా. ఆయుర్వేదం, చూర్ణాలు "అవి మందులు కావుగా" అని దాచకండి, అడిగింది చెప్పడానికి సిగ్గెందుకు. మూడు, అంతకన్నా ఎక్కువ మందులు వాడేవాళ్ళకి ఫ్యామిలీ డాక్టరే మెడికాట్సియోన్స్‌ప్లాన్ అని, వాడే మందులన్నీ ఉన్న ఒక షీటు ప్రింట్ తీసిస్తారు, 2016 నుంచి అది మన హక్కు, అడగండి. కాకపోతే సూట్‌కేసులో ఇండియా నుంచి తెచ్చుకున్నవి మనం చెప్తే గానీ అందులోకి ఎక్కవు. ఇంకో మాట, ఏ మాత్ర ఆపాలో ఏది ఆపకూడదో మీరు నిర్ణయించుకోవద్దు, యూట్యూబ్ అసలే వద్దు, వాళ్ళనే అడగండి. స్ట్రిప్పులు మాత్రం కత్తిరించనివి, డబ్బాలతో సహా పట్టుకెళ్ళండి.

ఇన్సూరెన్స్ కార్డు, హాస్పిటల్లో చేర్చుకోమని డాక్టరిచ్చిన ఐన్‌వైజుంగ్ కాయితం, పాస్‌పోర్టు, పాత స్కాన్లు, ఇవి ఎలాగూ తీసుకెళ్తారు. పబ్లిక్ ఇన్సూరెన్స్‌వాళ్ళకి రోజుకి 10 యూరోలు పడతాయి, ఏడాదిలో 28 రోజుల వరకే, బిల్లు ఇంటికొస్తుంది, కంగారు పడి నాకు ఫోన్లు చెయ్యొద్దు. జర్మన్ అంతంతమాత్రమైతే, ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ సంతకాలు పెట్టే రోజున భాష తెలిసినవాణ్ణి వెంటబెట్టుకోండి, ఆపరేషన్ రోజున కాదు. ఆపరేషన్ రోజున మీరెలాగూ మాట్లాడరు.

బట్టల్లో నేను చెప్పేది ఒకటే, లుంగీ. నవ్వకండి. పొట్ట మీద కుట్లున్నప్పుడు ఎలాస్టిక్ తగిలితే తెలుస్తుంది. ఆడవాళ్ళకి వదులు నైటీ, ముందు గుండీలున్నదైతే ఇంకా మంచిది, చేతికి సూదుంటుంది కదా. హవాయి చెప్పులు వద్దు, జారతాయి, మా వార్డులో నర్సు వాటిని చూసి మొహం మాడ్చింది. బాత్రూంలో మగ్గు ఉండదు, ఖాళీ ప్లాస్టిక్ సీసా ఒకటి పెట్టుకోండి, ఇంతకన్నా వివరంగా చెప్పను. చార్జర్ వైరు పొడుగ్గా ఉండాలి, ప్లగ్గు ఎప్పుడూ మంచానికి అవతలివైపే ఉంటుంది.

ఒంటి మీద లోహం ఏదీ ఉండనివ్వరు. మెట్టెలు ఏళ్ళ తరబడి తియ్యనివాళ్ళు ముందురోజే ఇంట్లో సబ్బునీళ్ళు పెట్టి నెమ్మదిగా లాగండి, అక్కడికొచ్చాక కంగారులో రావు. మంగళసూత్రం తీసి ఇంట్లోనే పెట్టి పసుపుతాడు కట్టుకెళ్ళినవాళ్ళున్నారు, దాన్ని కూడా ఉంచుతారో లేదో ముందే అడగండి. మగవాళ్ళు, మీ వెండి మొలతాడు సంగతి కూడా గుర్తుపెట్టుకోండి, ఆ కుర్రాడిది అక్కడ కత్తిరించబోతే వాడి మొహం చూడాలి.

తిండికొస్తే, ముందు ఆరు గంటలపాటు ఏమీ తినొద్దంటారు, మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు పర్లేదంటారు, పాలు పోసిన టీ మాత్రం నీళ్ళ లెక్కలోకి రాదు. మీ కాయితంలో వేరేగా రాసుంటే అదే ఫైనల్. రాత్రి భోజనం అంటే చల్లటి బ్రెడ్డు, చీజు, ఏదో మాంసం ముక్కలు. శాకాహారం అని మొదటిరోజే చెప్పెయ్యండి. నేను మళ్ళీ కలుపుకెళ్ళిన పులిహోర ఆపరేషన్ ముందు తిననివ్వలేదు, తర్వాత నేనే తినలేకపోయా, పక్క మంచం పెద్దాయన రెండు స్పూన్లు తిని గ్లాసుడు నీళ్ళు తాగాడు.

మనకి ఇంకోటి అలవాటు, పేషెంటు ఒకరు, తోడు నలుగురు, కింద చాప. ఇక్కడ రాత్రయితే తోడొచ్చినవాళ్ళు ఇంటికెళ్ళాల్సిందే. మొదటిరాత్రి నాకు కుడి భుజం విపరీతంగా నొప్పి పుట్టింది, గుండె అనుకున్నా, అయినా మంచం పక్కన బెల్లు నొక్కడానికి మొహమాటం. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అని ముందే అడిగితే "పర్లేదు, రెండు" అన్నది కూడా నేనే. చివరికి రెండింటికి నొక్కా. నర్సొచ్చి, ఇంతసేపు ఎందుకు ఆగావని కసిరి, పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల చాలామందికి భుజం అలా లాగుతుందని చెప్పి, మందు పెట్టి, దిండు సర్ది, మళ్ళీ గంటకొచ్చి తొంగిచూసి వెళ్ళింది. అలా చాపలేకుండానే తెల్లారింది. సరే, ఒప్పుకుంటా, బాగానే చూసుకుంటారు. మూడోరోజు నడుచుకుంటూ ఇంటికొచ్చా, ఆదివారం కావడంతో కొట్లు మూసి ఉన్నాయి, ఫ్రిజ్‌లో పెరుగు కూడా లేదు, అది మీరు ముందే కొని పెట్టుకోండి.

స్టుట్‌గార్ట్‌లో ఉన్నవాళ్ళెవరికైనా లుంగీ లేకపోతే చెప్పండి, నా దగ్గర ఉతికినవి రెండున్నాయి. మందుల కాయితం రాశాకే అడగండి కానీ.