వేరే దేశపు బిడ్డను దత్తత తీసుకోవాలంటే: ముందుగా చూసుకోవలసిన అర్హతలు

ఉద్దానం ఊళ్ల నుంచీ విజయనగరం పరిసరాల నుంచీ ఇతర దేశాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అందువల్ల అక్కడ పుట్టిన అన్న కూతురినో చెల్లెలి కొడుకునో ఇక్కడికి తెచ్చి పెంచుకోవచ్చా అన్న ప్రశ్న మన ఇళ్లలో వస్తూనే ఉంటుంది. తెచ్చుకోవచ్చు. అయితే అర్హత రెండు చోట్ల తేలాలి: మన దేశపు నిబంధనలు మిమ్మల్ని తగినవారిగా గుర్తించాలి, బిడ్డ ఉన్న దేశపు చట్టమూ ఒప్పుకోవాలి. ఈ రెండూ తేలకముందే బిడ్డపై మమకారం పెంచుకొని, ఆ తర్వాత అనర్హులమని తెలుసుకున్న దంపతుల దుఃఖం చూసినవారు ఎవరైనా ముందుగా నిబంధనలు చదవమనే చెబుతారు.

మన వైపు నియమాలు 2015 నాటి బాలల న్యాయ చట్టంలోనూ, 2022 దత్తత నిబంధనలలోనూ ఉన్నాయి. దత్తత తీసుకునేవారు శారీరకంగా, మానసికంగా ఆరోగ్యవంతులై, ప్రాణాంతక వ్యాధి లేనివారై, బిడ్డను పోషించగల ఆదాయం కలిగి ఉండాలి. నేరానికి శిక్ష పడినవారు అర్హులు కారు. దంపతులైతే ఇద్దరి సమ్మతీ కావాలి, కనీసం రెండేళ్లు స్థిరమైన వైవాహిక జీవితం గడిపి ఉండాలి. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా తీసుకోవచ్చు గాని, ఒంటరి పురుషుడు ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి వీలులేదు. ఇప్పటికే ఇద్దరు లేదా అంతకు మించి పిల్లలున్న దంపతులను ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు, సులభంగా కుటుంబం దొరకని పిల్లలకు మాత్రమే పరిగణిస్తారు.

ఎక్కువమంది తడబడేది వయసు దగ్గర. భార్యాభర్తల వయసులు కలిపి లెక్కిస్తారు. రెండేళ్ల లోపు బిడ్డకైతే ఆ మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు 100, అంతకు పైబడిన బిడ్డకు 110 వరకు అనుమతి ఉంది. ఒంటరివారికి ఇవే అంచెలలో 40, 45, 50, 55 ఏళ్లు పరిమితి. ఉదాహరణకు భర్తకు 47, భార్యకు 41 ఏళ్లుంటే మొత్తం 88 అవుతుంది కాబట్టి పసికందుకు వారు అర్హులు కారు, మూడేళ్ల బిడ్డకు అవుతారు. బిడ్డకూ తల్లిదండ్రులలో ఏ ఒక్కరికీ మధ్య 25 ఏళ్ల కంటే తక్కువ తేడా ఉండకూడదు. మన పల్లెల్లో బడిలో చేర్చినప్పుడు రాయించిన పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో మరొకటి ఉండటం మామూలే. దరఖాస్తుకు ముందే ఆ తేడాను సరిచేయించుకోండి.

బంధువుల బిడ్డ విషయంలో ఈ వయసు పరిమితులు, రెండేళ్ల వైవాహిక జీవితం, ఇద్దరు పిల్లల నియమం వర్తించవు. ఇక్కడ బంధువులంటే చట్టం చెప్పినవారే: బిడ్డకు పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ. దూరపు వరుసలు ఇందులోకి రావు.

ఇక రెండో వైపు. దేశాంతర దత్తతకు 1993 నాటి హేగ్ ఒప్పందం ఆధారం. భారతదేశం దానిని 2003లో ఆమోదించింది. దాని ప్రకారం ముందుగా బిడ్డకు సొంత దేశంలోనే కుటుంబం దొరికే అవకాశాన్ని పరిశీలించాలి. ఇచ్చేవారి సమ్మతి డబ్బు తీసుకోకుండా ఇచ్చినదై ఉండాలి, తల్లి సమ్మతి బిడ్డ పుట్టిన తర్వాతనే తీసుకోవాలి. బంధువుల దత్తతలలో తప్ప, నియమాలు పూర్తయ్యే వరకు రెండు కుటుంబాలూ నేరుగా కలవకూడదు. కొన్ని దేశాలు తలుపులే మూసివేశాయి: ఇథియోపియా 2018లో విదేశీ దత్తతను నిషేధించింది, చైనా 2024లో దగ్గరి రక్తసంబంధీకులకు, సవతి పిల్లలకు మినహా ఆపివేసింది. గల్ఫ్ వైపు పనిచేసేవారు ప్రత్యేకంగా గమనించవలసింది ఒకటుంది. ఇస్లామిక్ చట్టంలోని కఫాలా అనే పద్ధతి బిడ్డ బాధ్యతను అప్పగిస్తుందే గాని, శాశ్వతమైన తల్లిదండ్రుల సంబంధాన్ని సృష్టించదు. కాబట్టి అది హేగ్ ఒప్పందం కింద దత్తతగా చెల్లదు.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దత్తత దస్తావేజు రాయించుకుంటే సరిపోతుందని పెద్దలు చెప్పే మాటను విదేశీ బిడ్డ విషయంలో నమ్ముకోవద్దు. మొదటి మెట్టు మీ జిల్లా బాలల సంరక్షణ యూనిట్. 2022 ఏప్రిల్ నుంచి పాలకొండ, పార్వతీపురం, సాలూరు వారు పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం వారు విజయనగరానికి చెందుతారు. అక్కడ మార్గం అడిగి తెలుసుకొని, గృహ అధ్యయన నివేదికకు సిద్ధపడాలి. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి ఆదాయం, ఆరోగ్యం, ఇంట్లో ఉండేవారి మనసు తెలుసుకుంటారు. ఉమ్మడి కుటుంబమైతే అత్తమామల అభిప్రాయం దాచిపెట్టవద్దు. వారికి ఇష్టం లేకపోతే ముందు ఇంట్లోనే మాట్లాడుకోవాలి, ఎందుకంటే భాష తెలియని బిడ్డ రోజంతా గడిపేది వారి మధ్యనే. ఇంట్లో ఐదేళ్లు దాటిన పిల్లలుంటే వారి సమ్మతీ రాసి ఇవ్వాలి. పాన్ కార్డు, జనన, వివాహ ధ్రువపత్రాలు, ఆదాయ పత్రం, వైద్య ధ్రువపత్రం చేతిలో ఉంచుకోండి.

దత్తత ప్రక్రియ ముందు బిడ్డ ఉన్న దేశంలో, అక్కడి చట్టం ప్రకారం పూర్తికావాలి. మీ గృహ అధ్యయన నివేదికను, బిడ్డ అధ్యయన, వైద్య నివేదికలను పరిశీలించి ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ కారా ఆమోదం ఇస్తుంది. విదేశీ పాస్‌పోర్టు ఉన్న బిడ్డకు ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం ద్వారా వీసా, దాని ద్వారానే కేంద్ర హోం శాఖ అనుమతి తీసుకోవాలి. దత్తత జరిగినంత మాత్రాన బిడ్డకు భారత పౌరసత్వం రాదు. 1955 పౌరసత్వ చట్టం కింద దానికి వేరుగా దరఖాస్తు చేయాలి, అది తేలే వరకు బిడ్డ వీసా గడువు తీరకుండా చూసుకోవాలి.