కన్సెక్యూటివ్ అంటే 'వరుసగా', 'ఆగకుండా' కాదు

లీవ్ లెటర్లలో తరచూ కనిపించే తప్పు ఇది. కన్సెక్యూటివ్, కంటిన్యువస్ రెండూ ఒకటే అనుకుని ఏది తోస్తే అది రాసేస్తుంటాం.

వానతో పోల్చుకుంటే ఇక మర్చిపోరు. సోమ, మంగళ, బుధవారాల్లో రోజూ సాయంత్రం ఓ గంట కురిసి వెలిసిందనుకోండి, అది త్రీ కన్సెక్యూటివ్ డేస్. మధ్యలో ఎండ కాసినా సరే, రోజు తప్పకపోతే చాలు. అదే మూడు రోజులూ ఎడతెరిపి లేకుండా ముసురు పట్టి, గొడుగు మడిచే పనే లేకపోతే కంటిన్యువస్. మంగళవారం చినుకు పడలేదా, కన్సెక్యూటివ్ పోయినట్టే.

లెక్కల్లో మాత్రం వరుస ఏదో చూసుకోవాలి. 4, 6, 8 పక్కపక్క అంకెలు కావు, కానీ కన్సెక్యూటివ్ ఈవెన్ నంబర్లే. 2007లో డర్బన్‌లో యువరాజ్ కొట్టిన ఆరు సిక్సర్లూ కన్సెక్యూటివే, బంతికీ బంతికీ మధ్య బౌలర్ వెనక్కి నడిచి వెళ్లినా.

కోర్టు వార్తల్లో ఈ మాట బరువు ఇంకా ఎక్కువ. 5 ఏళ్లు, 3 ఏళ్లు అని రెండు శిక్షలు పడితే, కన్సెక్యూటివ్ అయితే మొత్తం 8 ఏళ్లు. కాన్‌కరెంట్, అంటే ఏకకాలంలో అమలైతే, 5 ఏళ్లే.

ఇంకో చిన్న విషయం. 'త్రీ కన్సెక్యూటివ్ డేస్' అని బహువచనం రాస్తాం కానీ, 'థర్డ్ కన్సెక్యూటివ్ డే' అన్నప్పుడు ఏకవచనమే. అక్కడ డేస్ అని రాయకండి.