వైజాగ్ నుంచి ఒడిశా కొండల మీదికి లారీ పంపుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఒడిశాలోని కోరాపుట్, జైపూర్, ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వైపు లోడు కుదరగానే ఓనర్లు మొదట అడిగేది ‘ఎప్పటికి చేరుతుంది’ అని. అంతకంటే ముందు అడగాల్సింది, బండి తిరిగొచ్చేటప్పుడు ఎంత బరువుతో ఘాట్ దిగుతుంది అని. ఎక్కేటప్పుడు ఇంజన్ లాగకపోతే బండి మహా అయితే ఆగిపోతుంది, దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే అసలు ఆగదు. అందుకే ప్లాన్ తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెట్టండి. రిటర్న్ లోడు ఏంటి, ఎన్ని టన్నులు, సాలూరు ఘాట్ పగటిపూట దిగడానికి వీలవుతుందా, ఇవన్నీ తేలాకే ఇక్కడ గాజువాకలో లోడు ఎత్తించండి.

బరువు విషయంలో బ్రోకర్ మాట కాదు, మీ ఆర్సీలో రాసిన అంకె చూడండి. 2018లో కేంద్రం యాక్సిల్ బరువులు (ఒక్కో ఇరుసు మీద మోయనిచ్చే బరువు) పెంచాక 10 టైర్ల బండికి మొత్తం 28.5 టన్నుల దాకా వచ్చింది, కానీ మీ పాత బండి ఆర్సీలో 25 అని ఉంటే మీకు 25 టన్నులే, అది కూడా బండి, సరుకు, డీజిల్, మనుషులు అంతా కలిపి. లోడింగ్ అయ్యాక కాటా వేయించి చీటీ దగ్గర పెట్టుకోండి. ఓవర్‌లోడ్ పట్టుకుంటే 20,000 రూపాయలు, ఆ పైన ప్రతి అదనపు టన్నుకీ 2,000, ఎక్కువున్న సరుకు దించేదాకా బండి కదలనివ్వరు. కొండ కింద, తెలియని ఊళ్లో సరుకు దించుకుని కూర్చోవడం కంటే ఇక్కడే రెండు టన్నులు తగ్గించుకోవడం చాలా నయం.

మన దగ్గర ఎక్కువగా వెళ్లేది స్టీల్ కాబట్టి ఇంకో మాట. రాడ్లు బాడీ దాటి బయటికి రాకూడదు, దానికీ 20,000 ఫైన్ ఉంది. ఫైన్ సంగతి పక్కన పెట్టినా, దిగుడులో గట్టిగా బ్రేకు వేస్తే ఆ ఇనుమంతా ముందుకి జరిగి క్యాబిన్ మీదికే వస్తుంది, అక్కడున్నది మీ డ్రైవరూ క్లీనరూ. తాడుతో సరిపెట్టకండి, గొలుసులు వేసి బిగించండి, సాలూరు దగ్గర ఆగి మళ్లీ బిగించమని చెప్పండి, వంద కిలోమీటర్ల కుదుపులకి ఎంత గట్టి కట్టయినా వదులవుతుంది.

కాగితాల్లో నేషనల్ పర్మిట్, ఆ ఏడాది ఆథరైజేషన్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, డ్రైవర్ లైసెన్స్ తేదీలు చూసుకోండి. మామూలు లారీకి 12 ఏళ్లు, మల్టీ యాక్సిల్‌కి (రెండుకి మించి ఇరుసులున్న బండికి) 15 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఉండదు. డిజీలాకర్‌లో, ఎంపరివాహన్‌లో ఉన్నవీ చెల్లుతాయి, అయితే ఘాట్‌లో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, ఒక ప్రింటు సెట్ క్యాబిన్‌లో పెట్టండి. గ్యాస్, ఆయిల్, యాసిడ్ లాంటి ప్రమాదకర సరుకైతే డ్రైవర్ లైసెన్స్ మీద దానికి ప్రత్యేకంగా ఎండార్స్‌మెంట్ ఉండాలి, అది లేకుండా అస్సలు పంపకండి.

సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి. దూరంలో ప్రతి 200 కిలోమీటర్లకీ, మిగిలిన ముక్కకీ ఒక్కో రోజు ఇస్తారు. రాయ్‌పూర్ ఇప్పుడున్న రోడ్డులో 600కి దగ్గర, అంటే మూడు రోజులు. ఆ గడువు చూపించి డ్రైవర్‌ని రాత్రంతా తోలమనకండి. గడువు చాలకపోతే, అది ముగియడానికి ముందు 8 గంటల్లో గానీ ముగిశాక 8 గంటల్లో గానీ పొడిగించుకోవచ్చు. 2025 నవంబరు దాకా ఉన్న 1961 నాటి మోటార్ కార్మికుల చట్టంలో కూడా మామూలుగా రోజుకి 8 గంటలే పని, 5 గంటలు వరసగా చేశాక కనీసం అరగంట విశ్రాంతి అని ఉండేది.

నా సలహా అయితే ఆనందపురం, విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాయంత్రానికి సాలూరు చేరి అక్కడే పడుకోవడం. లారీలకి పేరున్న ఊరు, మెకానిక్ దొరుకుతాడు, టైర్ షాపు దొరుకుతుంది. ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు వదిలేయడం, బ్రేకు అడ్జస్ట్‌మెంట్, గాలి లీకులు, కూలెంట్, లైట్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, అన్నీ అక్కడే చూసుకోండి. ముందు టైర్లు రీబటన్‌వి (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేసినవి) అయితే ఈ రూట్‌కి పంపొద్దు. డిసెంబరు, జనవరిలో పొట్టంగి, సెమిలిగుడ వైపు పొగమంచు దిగితే పది అడుగుల ముందు కనపడదు, కాబట్టి మంచు విడిచాకే ఎక్కండి. అక్టోబరు, నవంబరులో తుపాను హెచ్చరిక ఉంటే లోడు ఒక రోజు ఆపేయండి, సరుకు పార్టీ తిట్టినా సరే.

ఇక దిగుడు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి నుంచి సుంకి మీదుగా మైదానానికి రావాలి. దిగుడు మొదలవక ముందే గేరు తగ్గించాలి, మధ్యలో మార్చబోతే గేరు పడక న్యూట్రల్‌లో ఉండిపోయే ప్రమాదం ఉంది. ఏ గేరులో ఎక్కారో అదే, లేదా ఇంకోటి తక్కువ. ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగని అడ్డుకుని బండి వేగం తగ్గించేది) ఆన్ చేసి, కాలి బ్రేకుని గట్టిగా ఒకసారి తొక్కి స్పీడు తగ్గించి పూర్తిగా వదిలేయాలి, మళ్లీ పెరిగితే మళ్లీ తొక్కాలి. అదేపనిగా కొంచెం కొంచెం నొక్కిపట్టి ఉంచితే బ్రేకు డ్రమ్ములు కాలిపోయి పట్టు పోతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఎవరికైనా ఉంటే వాళ్లకి ఈ రూట్ ఇవ్వకండి. మాడు వాసన వస్తే వెడల్పు చోటు చూసి ఆపి, చక్రాలకి అడ్డు పెట్టి చల్లారనివ్వాలి, వేడి డ్రమ్ము మీద నీళ్లు పోస్తే అది పగులుతుంది. ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారి, దిగేవాళ్లు ఆగాలి, ఇది రూల్ కూడా.

బండి చెడిపోతే హెచ్చరిక ట్రయాంగిల్ మలుపుకి అవతలే పెట్టండి, ఎదురొచ్చేవాడికి మలుపు తిరగక ముందే కనపడాలి. హైవే మీద సాయానికి 1033, పోలీసులకి 112. బయల్దేరేటప్పుడు చక్రాల కింద పెట్టిన రాళ్లు తప్పకుండా తీసేయండి, రాత్రి ఆ రాయి మీదికెక్కి ఎవరో బైకు కుర్రాడు పోతాడు. సరుకు వేరే లారీలోకి మార్చాల్సి వస్తే, కొత్త బండి నంబరు ఈ-వే బిల్లు పార్ట్ బీలో (బండి వివరాలుండే భాగంలో) ఎక్కించాకే అక్కడి నుంచి కదలండి.