అడవిలో క్యాబిన్, ఇద్దరే: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

జనానికి దూరంగా, చెట్ల నడుమ రెండు రాత్రులు గడపడానికి వెళ్లిన జంట మొదటి సాయంత్రమే ముఖాలు మాడ్చుకుంటే, ప్రేమ తగ్గిందని కంగారు పడకండి. ముందు పొయ్యి చూడండి.

సమస్య: నిప్పు అంటించగానే గదినిండా పొగ

కారణం: మొదట అనుమానించవలసింది డ్యాంపర్‌ను, అంటే పొగగొట్టం లోపల తెరిచి మూసే రేకు మూతను. దాన్ని తెరవడం మరచిపోయి కట్టెలను తిట్టడం మామూలే. అది తెరిచే ఉంటే, గొట్టం చల్లబడి ఉందన్నమాట. కొన్నాళ్లుగా ఎవరూ దిగని క్యాబిన్‌లో పొగగొట్టం నిండా చల్లగాలి బరువుగా కూర్చుంటుంది. పొగకు దాన్ని తోసుకుపోయే బలం ఉండదు, వెనక్కి తిరిగి మీ మీదికే వస్తుంది. ఇక మూడోది పచ్చి కట్టెలు.

పరిష్కారం: డ్యాంపర్ పూర్తిగా తెరవండి. కిటికీ వేలెడు సందు తీయండి. వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే ఆపండి, అది పొగను గదిలోకే లాగుతుంది. కాగితం చుట్టి వెలిగించి, పొయ్యిలో గొట్టం మొదలు దగ్గర కాసేపు మండనివ్వండి. గొట్టం వేడెక్కి గాలి పైకి లాగడం మొదలయ్యాక చితుకులు, తర్వాత సన్న పుల్లలు, చివరికి మొద్దులు. ఎండు కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. కొలిచే పరికరం లేకపోతే రెండు కట్టెలను ఒకదానికొకటి కొట్టండి: ఎండినవి ఖణేల్మంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఇంత చేసినా పొగ తగ్గకపోతే లోపల పిట్టగూడు అడ్డుపడి ఉండవచ్చు. నిప్పు ఆర్పి యజమానికి చెప్పండి, ఆ రాత్రికి దుప్పట్లే దిక్కు.

సమస్య: ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, తల తిరగడం, వికారం

ఇక్కడ సరదా మాటలు లేవు. ఇది కార్బన్ మోనాక్సైడ్ పని కావచ్చు. కట్టెలు, బొగ్గులు సరిగా మండనప్పుడు పుట్టే ఈ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. వెంటనే ఇద్దరూ బయటికి వెళ్లి అత్యవసర సహాయానికి ఫోన్ చేయండి. సామాను కోసం కూడా లోపలికి తిరిగి రావద్దు. బొగ్గుల కుంపటిని ఎంత చలిగా ఉన్నా గదిలో పెట్టకూడదు; నిప్పులు కణకణలాడుతుండగా డ్యాంపర్ మూయకూడదు. ఈ వాయువును పసిగట్టి మోగే చిన్న అలారం దొరుకుతుంది. పూలగుత్తి మరచిపోయినా అది మరచిపోకండి.

సమస్య: కెటిల్ పెట్టగానే దీపాలన్నీ ఆరిపోయాయి

కారణం: సౌరవిద్యుత్తుతో నడిచే చోట ఇన్వర్టర్ మోయగలిగినంతే మోస్తుంది. ఎల్‌ఈడీ బల్బుకు 10 వాట్లు చాలు, కెటిల్‌కు 1500 కావాలి. అంటే ఒక్క టీకి 150 దీపాల బరువు. నీళ్లు పొయ్యి మీదే కాచుకోండి, జుట్టు ఆరబెట్టే యంత్రం ఇంట్లోనే వదిలేయండి.

సమస్య: అర్ధరాత్రి ఇంటికప్పు మీద చప్పుడు

చలికి కొయ్య ముడుచుకుంటూ కిర్రుమంటుంది, అంతే. చిన్న కాళ్లు పరుగెత్తినట్టుంటే ఎలుకలు. తినే వస్తువులన్నీ గట్టి మూతల డబ్బాల్లో పెట్టి పడుకోండి.

సమస్య: నక్షత్రాల కోసం ఇంత దూరం వస్తే నాలుగే కనిపించాయి

కారణం: చేతిలో ఫోను, లేదా ఆకాశంలో నిండు చంద్రుడు. చీకటికి కళ్లు అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను చూస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. తేదీలు అమావాస్య దగ్గర ఎంచుకోండి. నిండు వెన్నెలే కావాలనుకునేవారితో నాకు పేచీ లేదు, కానీ పాలపుంత మీద ఆశ వదులుకోవాలి.

సమస్య: రెండో రోజు మధ్యాహ్నానికి మాటలు అయిపోయాయి

కారణం: ఇరవైనాలుగు గంటలూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ ఉండాలన్న నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ, దాన్ని పాటించడం మనుషుల వల్ల కాదు. ముందు ఏదైనా తినండి. ఆకలిని అలక అనుకున్న సందర్భాలు నాకూ ఉన్నాయి. తర్వాత ఒక గంట విడిగా ఉండండి. ఒకరు పుస్తకంతో అరుగు మీద, మరొకరు వాగు దాకా నడక. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో చెప్పి వెళ్లండి. తిరిగి వచ్చేసరికి పేరు తెలియని పిట్ట సంగతైనా ఒకటి చెప్పడానికి ఉంటుంది.